లూవ్ర్ మెట్ల మీద బియాన్సే: మా హన్మకొండ డ్రాయింగ్ క్లాసులో తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండలో ఆదివారం పొద్దున మా ఇంటి మేడ మీద డ్రాయింగ్ క్లాసు నడుస్తుంది. ఫైన్ ఆర్ట్స్ ఎంట్రన్స్ రాసే పిల్లలు కొందరు, రిటైరయ్యాక బొమ్మలు మొదలుపెట్టిన పెద్దవాళ్లు కొందరు. ఏడాదికోసారి పెన్సిళ్లు పక్కన పెట్టించి అందరికీ ఒక పాట వీడియో చూపిస్తాను. వీడియో ఆరు నిమిషాలే. ఆపుకుంటూ, వెనక్కి తిప్పుకుంటూ చూసేసరికి అన్నాల వేళ దాటిపోతుంది. ఆ తర్వాత వారం దాకా వాట్సాప్‌లో ప్రశ్నలు. ప్రతి ఏడూ దాదాపు అవే కాబట్టి ఒక్కచోట రాసి పెడుతున్నా.

ఇంతకీ అది ఏ పాట సార్?

అమెరికా గాయని బియాన్సే, ఆమె భర్త, ర్యాపర్ జే-జీ కలిసి ‘ది కార్టర్స్’ పేరుతో 2018 జూన్ 16న విడుదల చేసిన ‘ఏప్‌షిట్’. ‘ఎవ్రీథింగ్ ఈజ్ లవ్’ అనే ఆల్బమ్‌లోది. వీడియో డైరెక్టర్ రికీ సైజ్. తీసింది పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో. అవును, పేరే బూతు. పాటలోనూ బూతులున్నాయి.

పదో తరగతి పిల్లకు గిదేం పాట చూపిస్తున్నరు?

ఒక అమ్మ ఫోన్ చేసి అడిగిన మాట ఇది. ఆమె కోపంలో తప్పు లేదు. అందుకే చిన్నపిల్లలు ఉన్న రోజు సౌండ్ తీసేసి చూపిస్తాను. సౌండ్ తీసేస్తే ఇంకో లాభం కూడా ఉంది. బీట్ వినిపిస్తుంటే కళ్లు దాని వెంటే పరుగెడతాయి. అది ఆగితే గోడ మీద ఏం బొమ్మ ఉంది, దాని ముందు ఎవరు నిలబడ్డారు అనేది కనబడుతుంది.

డాన్సర్లు బట్టలు వేసుకోలేదా అని కూడా ఆమె అడిగింది. వేసుకున్నారు. ఒంటికి అతుక్కునే ఆ దుస్తుల రంగు ఒక్కొక్కరి ఒంటిరంగుకు సరిపోయేలా ఉంటుంది. ఇది చిన్న విషయం కాదు. మా క్లాసులో ఇప్పటికీ ‘సార్, స్కిన్ కలర్ ఇవ్వరా?’ అని అడిగితే పక్క పిల్లాడు డబ్బాలోంచి తీసి ఇచ్చేది లేత పీచు రంగు క్రేయాన్. అడిగిన పిల్ల చేయి చామనఛాయ, ఇచ్చినవాడి చేయి ఇంకా నలుపు. ఇద్దరికీ ఏ అనుమానమూ రాదు. ఈ వీడియోలో ఒక వరసలో ఉన్న అమ్మాయిలను చూస్తే స్కిన్ కలర్ అనే క్రేయాన్ ఒక్కటి చాలదని తెలుస్తుంది.

అది సెట్టా, నిజం మ్యూజియమా? జనం లేరేంది?

నిజం మ్యూజియమే. 2018 మే నెలలో, సందర్శకులు లేని వేళ చూసి తీశారు. అదే ఏడాది ఆ మ్యూజియానికి కోటీ రెండు లక్షల మంది వచ్చారు. అంత రద్దీ చోటు ఖాళీగా కనిపించడమే ఈ వీడియోలో మొదటి సంకేతం. మేడారం జాతర నాడు గద్దెల ముందు ఒక్క కుటుంబం తప్ప ఇంకెవరూ లేరనుకోండి. ‘వీళ్లెవర్రా బాబూ’ అనే కదా మొదట అనిపించేది! అదే ఇక్కడ కావాలనుకున్న ప్రభావం.

పైగా లూవ్ర్ ఒకప్పుడు రాజుల కోట. ఫ్రెంచి విప్లవం తర్వాత 1793లో మ్యూజియంగా తెరిచారు. నెపోలియన్ కాలంలో కొన్నాళ్లు ఆయన పేరే పెట్టుకుంది. ఆయన సైన్యాలు దోచుకొచ్చిన బొమ్మలు ఈనాటికీ అక్కడ కొన్ని ఉన్నాయి. మోనాలిసా ఉన్న గదిలోనే, ఎదుటి గోడకు వేలాడే వెరొనీస్ పెళ్లివిందు చిత్రం 1797లో వెనిస్ నుంచి ఎత్తుకొచ్చిందే. కాబట్టి ఆ గోడలు మంచివాళ్ల గోడలని అనుకుని వీడియో చూడకండి.

మోనాలిసా ముందు ఉత్తగ నిలబడ్డరేంది? ఏమన్నా చేయొచ్చు కదా?

ఏమీ చేయకపోవడమే అక్కడ పని. ఆమె గులాబీ సూటు, ఆయన లేత ఆకుపచ్చ సూటు, వెనకాల మోనాలిసా. ముగ్గురూ మనవైపే చూస్తున్నారు, ముగ్గురి మొహాల్లోనూ ఏ భావమూ లేదు. అక్కడ ఆపి ‘ఏమనిపిస్తోంది?’ అని అడిగితే మా ఇంటర్ పిల్లాడొకడు ‘ఫ్యామిలీ ఫొటో లెక్కుంది సార్’ అన్నాడు. నేను చెప్పాలనుకుంది వాడే చెప్పేశాడు. వెనకటి స్టూడియోల్లో తాజ్‌మహల్ తెర ముందు కొత్త దంపతులను నిలబెట్టి తీసేవారు గుర్తుందా? అక్కడ తాజ్‌మహల్ ఎవరిదీ కాదు, ఆ ఇద్దరిదే ఫొటో. ఇక్కడ తెర స్థానంలో అసలు మోనాలిసా ఉంది.

చివర్లో ఇద్దరూ వెనక్కి తిరిగి ఆ బొమ్మను చూస్తారు. అంతసేపూ చూడబడినవాళ్లు ఇప్పుడు చూసేవాళ్లయ్యారు. వాళ్లిద్దరూ మొదట కనిపించేదీ చివర కనిపించేదీ ఈ రెండు షాట్లలోనే, మిగతాదంతా వాటి మధ్యలోని సంగతి.

రెక్కల విగ్రహానికి తలకాయ ఏది? కింద మెట్ల మీద అమ్మాయిలు ఎందుకు పడుకున్నరు?

అది గ్రీకుల విజయదేవత, క్రీ.పూ. 190 ప్రాంతంలో చెక్కినది. 1863లో ఈజియన్ సముద్రంలోని సమోత్రేస్ దీవిలో ముక్కలుగా దొరికింది. తల దొరకలేదు. ఓడ ముక్కు మీద అప్పుడే వాలినట్టు ఉంటుంది, గాలికి బట్ట ఒంటికి అతుక్కున్నట్టు చెక్కారు. రాతిలో తడి బట్ట చూపించడం ఎంత కష్టమో రామప్ప గుడి చూరు కింద నాట్యభంగిమల్లో ఉన్న మదనిక శిల్పాల బట్టల అంచుల్ని దగ్గరగా చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. బియాన్సే దాని ముందు తెల్లని బట్టల కుచ్చుల్లో నిలబడుతుంది. విగ్రహానికి లేని తల ఆమెకు ఉంది.

మెట్ల మీద డాన్సర్లు బారుగా పడుకుని ఉంటారు, ఊపిరి పీల్చి వదిలినట్టు ఒక్కసారే లేస్తారు, పడతారు. చాలామంది దాన్ని అల అంటారు. నాకు మాత్రం పైన ఓడ, కింద ఇరుకిరుకుగా పడి ఉన్న నల్లని దేహాలు చూస్తే ఆఫ్రికా నుంచి మనుషుల్ని మోసుకెళ్లిన ఓడల అడుగుభాగమే గుర్తొస్తుంది. డైరెక్టర్ అదే అనుకున్నాడని నేననను. బొమ్మలో ఆ చదువుకు చోటుందని మాత్రం అంటాను.

శిల్పం ముందు నాట్యం చేయించడం కొత్త ఆలోచనేం కాదు. కాకతీయ గణపతిదేవుని గజసేనాని జాయప 13వ శతాబ్దంలో నృత్తరత్నావళి రాశాడు. ఆ గ్రంథాన్నీ రామప్ప రాళ్లనూ పక్కపక్కన పెట్టుకుని నటరాజ రామకృష్ణ పేరిణి నాట్యాన్ని మళ్లీ లేపి నిలబెట్టారు. రాతిలో ఆగిన భంగిమను ఒంట్లోకి తెచ్చుకోవడం అంటే ఏమిటో మన జిల్లాలవాళ్లకు ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు.

రాజుగారి పట్టాభిషేకం బొమ్మ ముందు డాన్స్ ఎందుకు?

దీనికి కొంచెం కథ కావాలి. ఆ పెయింటింగ్ జాక్-లూయీ దావిద్ వేసింది, 1805 నుంచి 1807 దాకా. 1804 డిసెంబర్ 2న పారిస్‌లో నోత్ర్ దామ్ చర్చిలో నెపోలియన్ చక్రవర్తి అయిన రోజు. మొదట దావిద్ నెపోలియన్ తన కిరీటం తానే పెట్టుకుంటున్నట్టు గీసుకున్నాడు. తర్వాత మార్చి, భార్య జోసెఫీన్ తల మీద పెట్టబోతున్నట్టు వేశాడు. ఆ రోజు అక్కడికి రాని నెపోలియన్ తల్లిని కూడా మధ్యలో మంచి కుర్చీలో కూర్చోబెట్టాడు. మన పెళ్లి ఆల్బమ్‌లలో రాలేకపోయిన మేనమామను ఫొటోషాప్‌లో అతికించినట్టే. దర్బారు బొమ్మకు నిజంతో పని తక్కువ.

ఇప్పుడు వీడియోకు రండి. డాన్సర్లు చేయీ చేయీ పట్టుకుని, బతుకమ్మలా గుండ్రంగా కాదు, అడ్డంగా ఒకే వరసలో నిలబడి ఊగుతారు. మధ్యలో బియాన్సే. కెమెరాను సరిగ్గా ఎక్కడ పెట్టారంటే, నెపోలియన్ ఎత్తిన కిరీటం కింద మోకరిల్లిన జోసెఫీన్, ఆమెకు కింద బియాన్సే వస్తారు. కిరీటం ఎవరి కోసం ఎత్తినట్టు? నేను ఇక్కడ ఆపి టీవీ మీద స్కేలు నిలువుగా పెట్టి చూపిస్తాను.

ఇంకో సంగతి చెబితే అదే షాట్ వేరేగా కనిపిస్తుంది. జోసెఫీన్ పుట్టింది కరీబియన్ సముద్రంలోని మార్టినిక్ దీవిలో, బానిసలతో చెరకు పండించిన కుటుంబంలో. విప్లవకాలంలో 1794లో ఫ్రాన్స్ రద్దు చేసిన బానిసత్వాన్ని 1802లో మళ్లీ తెచ్చింది నెపోలియనే. ఆయనకు పట్టాభిషేకం జరిగిన ఆ 1804లోనే, జనవరి 1న, ఆయన సైన్యాన్ని ఓడించి హైతీలోని నల్లజాతి ప్రజలు స్వతంత్రం ప్రకటించుకున్నారు. ఆ గోడ మీది దర్బారులో వాళ్ల ఊసు లేదు. ఆ గోడ ముందు వరసకట్టి ఊగుతున్నది నల్లజాతి అమ్మాయిలు.

తెప్ప మీద శవాలున్న బొమ్మ ఏంటిది? చూస్తేనే భయమైతాంది.

జెరికో వేసిన ‘మెదూజా తెప్ప’, 1819. నాకు ఈ మ్యూజియం మొత్తంలో ఒక్క బొమ్మ చూసే అవకాశం ఇస్తే దీని ముందుకే వెళ్తాను.

1816 జూలైలో సెనెగల్‌కు వెళ్తున్న మెదూజా అనే ఫ్రెంచి ఓడ ఆఫ్రికా తీరం దగ్గర ఇసుకమేటలో కూరుకుపోయింది. కెప్టెన్‌కు ఆ ఉద్యోగం దర్బారు పలుకుబడితో వచ్చింది, ఓడ నడిపి ఇరవై ఏళ్లు దాటిపోయింది. పడవలు చాల్లేదు. సుమారు 147 మందిని దుంగలు కట్టిన తెప్ప మీద ఎక్కించి, పడవలతో లాగుతామని చెప్పి, కాసేపటికి తాడు వదిలేశారు. 13 రోజుల తర్వాత ఒక ఓడకు కనబడేసరికి 15 మంది మిగిలారు. జెరికో ఆ ఘట్టమే వేశాడు. దూరంగా ఓడ చీమంత. కింద చనిపోయినవాళ్లు, వాళ్ల మీద నీరసించినవాళ్లు, ఆ పైన చేతులు చాచినవాళ్లు. అందరికంటే పైన, అందరూ ఎత్తి పట్టుకున్న ఒక నల్లజాతి మనిషి గుడ్డ ఊపుతున్నాడు. అతనికి మోడల్‌గా నిలిచింది హైతీ నుంచి వచ్చిన జోసెఫ్ అనే మనిషి.

బానిసత్వం ఇంకా నడుస్తున్న రోజుల్లో అందరి ఆశనూ ఒక నల్లవాడి చేతిలో పెట్టాడు జెరికో. వీడియోలో జే-జీ ఈ బొమ్మ ముందే నిలబడి పాడతాడు. గోడల నిండా బొమ్మలున్న మ్యూజియంలో ఆయన్ని దీని ముందే నిలబెట్టడం ఉత్తపుణ్యానికి జరిగింది కాదు.

దీని కొలత 4.91 మీటర్ల ఎత్తు, 7.16 మీటర్ల వెడల్పు. ఫోన్‌లో చూస్తే అరచేయంత. అందుకని ఒకసారి మేడ మీద తాడూ టేపూ పట్టుకుని, ముగ్గుపిండితో గీసి చూపిద్దామనుకున్నాం. వెడల్పు సరిపోయింది కానీ ఎత్తు వాటర్ ట్యాంకు దగ్గర తట్టుకుని ఆగిపోయింది. మిగతాది ట్యాంకు అవతల గీశాం. పిల్లలందరూ ఆ గీత లోపల కూర్చుంటే ఇంకా సగం చోటు మిగిలింది. గుడ్డ ఊపే మనిషి తల ఉండే చోట నేను చెప్పు పెట్టి గుర్తు చేశాను. ఆ రోజు తర్వాత ఎవరూ ‘చిన్న బొమ్మే కదా సార్’ అనలేదు.

చివర్లో తెల్ల తలపాగా కట్టుకుని కూర్చున్న నల్లామె ఎవరు?

ఈ ప్రశ్న అడిగినవాళ్లకు నేను టీ పోయిస్తాను. ఎందుకంటే ఆమెను చాలామంది దాటేస్తారు.

1800లో మారీ-గిల్లమీన్ బెన్వా అనే స్త్రీ వేసిన చిత్రం. లూవ్ర్‌లో నల్లజాతి మనుషులు కనిపించే పాత చిత్రాలు చాలావాటిలో వాళ్లు పళ్లెం పట్టుకునో, గుర్రం పట్టుకునో ఓ మూల ఉంటారు. ఇక్కడ ఒక్కతే కూర్చుంది, మంచి కుర్చీలో, మనవైపు చూస్తూ. తెల్ల బట్ట, వెనక నీలం శాలువా, నడుముకు ఎర్ర పట్టీ: ఫ్రెంచి జెండా రంగులు. 1794 రద్దుకూ 1802 దుర్మార్గానికీ మధ్యలో వేసిన బొమ్మ. అయితే ఒక రొమ్ము తెరిచి ఉంది. గౌరవమా, వేడుకగా చూపించడమా? నా లెక్కలో రెండూ. ఆ చికాకు పోగొట్టుకోకుండానే ఆ బొమ్మను చూడాలి.

రెండు వందల ఏళ్లు ఆ చిత్రానికి పేరు ‘ఒక నల్లజాతి స్త్రీ’ అనే. వేసినామె పేరుంది, బొమ్మలో ఉన్నామె పేరు లేదు. పరిశోధకులు వెతికితే, గ్వాడెలూప్ దీవి నుంచి చిత్రకారిణి బంధువుల ఇంట్లో పనికి వచ్చిన మడెలీన్ అని తేలింది. 2019లో పారిస్‌లోని ఓర్సే మ్యూజియం ప్రదర్శనలో ఆ పేరుతోనే పెట్టారు. అంటే ఈ పాట వచ్చిన మరుసటి ఏడు.

వీడియోలో ఇద్దరు నల్లజాతి అమ్మాయిలు ఒకే తెల్లగుడ్డను తలకు చుట్టుకుని ఆ కొసా ఈ కొసా కూర్చుని ఉంటారు. వెనకాల దావిద్ వేసిన మదాం రెకామియే సోఫా మీద ఒరిగి ఉంటుంది. అదీ 1800 నాటిదే. ఆ తెల్లగుడ్డ మడెలీన్ తలపాగా నుంచే వచ్చిందని నా నమ్మకం. సోఫా మీద ఉన్నామె అసలు పేరు ఊరంతటికీ తెలుసు, చూశారా!

మోనాలిసా ముందు జుట్టు దువ్వుకోవడం ఏంది? ఇంట్లో జాగా లేదా?

ఒక అమ్మాయి ఒక అబ్బాయి రింగుల జుట్టును పొడవు పళ్ల దువ్వెనతో దువ్వుతుంటుంది. ఆ దువ్వెన అమెరికా నల్లజాతివాళ్లకు 1960లూ 70ల నుంచీ ఆత్మగౌరవం గుర్తు. మోనాలిసా సాఫీ జుట్టు పక్కన ఆ జుట్టు. ఇంట్లో చేసే పనిని అక్కడ చేయడం అంటే ‘ఇది మా ఇల్లే’ అనడం. నాకైతే వీడియోలో అన్నిటికంటే నచ్చిన షాట్ ఇది. పట్టాభిషేకం కంటే కూడా.

బయట మోకాళ్ల మీద ఉన్న కుర్రాళ్లు?

2016లో అమెరికాలో కాలిన్ కెపెర్నిక్ అనే ఫుట్‌బాల్ ఆటగాడు పోలీసు హింసకు నిరసనగా జాతీయగీతం వేళ మోకాలి మీద కూర్చున్నాడు. దానికి సూచన. ఈ వీడియో వచ్చిన మరుసటి ఏడే, 2019లో, జే-జీ కంపెనీ ఆ ఫుట్‌బాల్ లీగ్‌తోనే చేతులు కలిపింది. ఈ సంగతి చెబితే క్లాసులో ప్రతిసారీ ‘ఓహో’ అని ఒక గొంతు వినిపిస్తుంది.

ఇదంతా డబ్బున్నోళ్ల షోకు కాదా?

కొంత అవును. పాటలో నగలూ విమానాలూ దండిగానే ఉన్నాయి. మ్యూజియానికీ లాభమే అయింది. వీడియోలో కనిపించిన వాటితో కలిపి 17 కళాఖండాలు చుట్టివచ్చే గంటన్నర దారి ఒకటి తయారుచేసి సందర్శకులకిచ్చింది. కానీ షోకు చేసేవాడికి మోనాలిసా చాలు, మడెలీన్ దాకా పోనక్కర్లేదు.

మరి కాపీ సంగతేంటి? బియాన్సే మీద ఆ మాట కూడా ఉంది కదా?

ఈ వీడియోలో కాపీ లేదు, బొమ్మలు అక్కడే నిజంగా ఉన్నాయి. అసలు చర్చ జరిగింది 2016లో ఆమె ‘హోల్డ్ అప్’ వీడియో మీద. పసుపు గౌనులో వీధి వెంట నవ్వుతూ నడుస్తూ బ్యాటుతో కార్ల అద్దాలు పగలగొడుతుంది. స్విట్జర్లాండ్ కళాకారిణి పిపిలోట్టి రిస్ట్ 1997లో చేసిన ‘ఎవర్ ఈజ్ ఓవర్ ఆల్’ వీడియోలో కూడా ఒకామె నవ్వుతూ నడుస్తూ పొడుగాటి పువ్వు కాడతో కార్ల అద్దాలు పగలగొడుతుంది. పక్కనే వెళ్లే పోలీసమ్మ సలాం చేస్తుంది. రెండూ చూశాక పోలిక లేదనేవాళ్లు ఉండరు. మరోవైపు పసుపు రంగూ నీళ్లూ కలిసి పశ్చిమాఫ్రికాలోని యోరుబా ప్రజల నదీదేవత ఓషున్‌ను గుర్తుచేస్తాయి, అది రిస్ట్ పనిలో లేదు. పెద్ద కళాకారుల దగ్గర తీసుకుంటే ఆ పేరు చెప్పాలి. కథల పటాలు గీసే చెరియాల నక్కాశీవాళ్లు తాత గీత తాతదే అంటారు, దాచరు.

మన దగ్గర కోటలో ప్రీ-వెడ్డింగ్ షూట్లు తీస్తరు. అదీ ఇదీ ఒకటే కాదా?

కాదు. వరంగల్ కోటలో తోరణం ముందు జంట చేతులు చాపి తిరుగుతుంది, డ్రోన్ పైకి లేస్తుంది. తోరణం బదులు గోల్కొండ ఉన్నా, రిసార్ట్ గేటు ఉన్నా ఆ షాట్ మారదు. బొమ్మ మారితే అర్థం మారాలి, అదే పరీక్ష. ఆ నాలుగు తోరణాల మధ్య ఉన్న గుడి కూలిపోయి రాళ్లుగా పడి ఉంది. ద్వారాలున్నాయి, ఇల్లు లేదు. కొత్త కాపురం పెట్టబోయే జంటను అక్కడ నిలబెడుతూ ఆ సంగతి ఒక్క కెమెరామన్‌కు తట్టి ఉంటే ఎంత మంచి షాట్ వచ్చేది!

ఆ అమెరికా నల్లవాళ్ల గొడవ మనకెందుకు సార్?

వైకుంఠం బొమ్మలు చూశారా? తోట వైకుంఠం 1942లో అప్పటి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. ఆయన స్త్రీలది నల్లని ఛాయ. నుదుట రూపాయంత ఎర్ర బొట్టు, ముక్కుపుడక, పక్కన చిలుక. ఫ్రేమంతా వాళ్లే. మన క్యాలెండర్లలో దేవతలు కూడా తెల్లగానే ఉండే దేశంలో ఆయన మా అమ్మమ్మ రంగును పట్టుచీర కట్టి నడిమధ్య నిలబెట్టారు.

అంతకు ముందూ ఉంది. 1213 నాటి శాసనమున్న రామప్ప గుడి బయటి గోడలు ఎర్రఛాయ ఇసుకరాయి. చూరు కింద మదనికలు మాత్రం నల్లరాయి. వేరే రాయి తెచ్చి, వేరేగా చెక్కి నిలబెట్టారు. ఒకామె మడమ ఎత్తున్న చెప్పులు వేసుకుంది. పాలంపేట వెళ్లినప్పుడు మా పిల్లలు ఆ చెప్పుల దగ్గరే ఫొటోలు దిగుతారు. నేను మాత్రం వాళ్లను నాలుగడుగులు వెనక్కి జరిపి రంగు చూడమంటాను.

ఇక పాట పాడుతూ బొమ్మ చూపించడం అంటారా, పద్మశాలీల మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్లు చెరియాల పటం విప్పి చేసేది అదే. ఎర్రటి నేల మీద ఒక్కో గడిలో ఒక్కో ఘట్టం, కర్రతో చూపిస్తూ పాట. గడి మారితే రాగం మారుతుంది. ఎడిటింగ్ అంటే ఇంకేంటి?

పారిస్ పోకుండా ఆ బొమ్మలు పెద్దగా చూడొచ్చా?

చూడొచ్చు. 2021 నుంచి లూవ్ర్ తన సేకరణనంతా వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టింది. ఒక్కో బొమ్మ కింద కొలతలు ఉంటాయి. మోనాలిసాతో మొదలుపెట్టండి, 77 సెంటీమీటర్లకు 53. అది గీయడానికి మేడ అక్కర్లేదు, ఇంట్లో బీరువా తలుపు చాలు. పట్టాభిషేకం 9.79 మీటర్లు. దానికి ఈసారి ముగ్గుపిండి రెండు కిలోలు ఎక్కువ తెమ్మని చెప్పాను, వాకిట్లోనే గీద్దాం.